కమాను కథ: బండి ఇరుసు నుండి కారు ఇరుసు దాకా - పాత వాహనాల మరమ్మతు, వృత్తిపదజాల చరిత్ర

వ్యాససంగ్రహం

మోటారు వాహనపు బరువును చక్రాలపై మోసి, దారిలోని కుదుపును తగ్గించే ఏర్పాటును సస్పెన్షన్ అంటారు. తెలుగునాట మెకానిక్కులు దానిలోని ప్రధానభాగాన్ని 'కమాను' అని పిలుస్తారు. పాతకాలపు కార్లలో, జీపుల్లో ఈ కమానును ఇంటిముంగిట మామూలు చేతిపనిముట్లతో విప్పి బాగుచేసుకోవడం సాధ్యమైంది. దీనికి వాహనాల సరళత ఒక్కటే కారణం కాదు. బండి కట్టే వడ్రంగి, కమ్మరి వృత్తుల జ్ఞానమూ మాటలూ మోటారు పనిలోకి ప్రవహించడం మరొక కారణం. అనకాపల్లి జిల్లాలోని చీడికాడ పరిసరాలను నేపథ్యంగా తీసుకొని ఆ ప్రవాహాన్ని చారిత్రకంగా పరిశీలించడం, ఆ పదజాలానికి తెలుగు వృత్తిపదకోశాలలో దక్కవలసిన స్థానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కమాను, పట్టీ, ఇరుసు, కందెన, వృత్తిపదజాలం, అంబాసిడర్, జీపు, చీడికాడ.

1. ఉపోద్ఘాతం

'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని తెలుగు సామెత. ఇరుసుకు పూసే ఆముదపు జిడ్డుకు బండివాడు పెట్టుకున్న పేరు కందెన. ఆ మాట బండితో ఆగిపోలేదు. తెలుగు విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఘర్షణను తగ్గించే పదార్థాలన్నింటికీ అదే పేరును స్వీకరించాయి. వృత్తికారుడి మాట శాస్త్రపదమైన సందర్భాలలో ఇది చెప్పుకోదగ్గది.

కమానుకు ఆ గౌరవం దక్కలేదు. లారీ బోల్తా పడిన వార్తలో 'కమాన్ కట్టలు విరిగి' అన్న మాట తెలుగు దినపత్రికలలో తరచుగా కనిపిస్తుంది. మెకానిక్ షెడ్డులో రోజూ వినిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో మాత్రం 'స్ప్రింగు' అనే ఉంటుంది. రసాయనశాస్త్రంలో సస్పెన్షన్‌కు 'అవలంబనం' అన్న సంస్కృతపదాన్ని కల్పించుకున్న తెలుగు, వాహనపు సస్పెన్షన్‌కు మాత్రం వాడుకలో ఉన్న మాటను గుర్తించలేదు. ఈ తేడా ఎందుకు వచ్చింది, దానివల్ల ఏమి నష్టం జరుగుతోంది అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

2. 'కమాను': మాట, వస్తువు

కమాను పారసీక పదం. దాని అర్థం విల్లు. తెలుగులో అది విల్లుకూ, విల్లులా వంగిన ద్వారబంధపు పైకట్టుకూ పేరైంది. బండికింద అమర్చే ఉక్కుపట్టీల కట్ట కూడా విల్లులా వంగి ఉంటుంది కనుక దానికీ ఆ పేరే నిలిచింది. హిందీలో ఇదే మూలం నుండి వచ్చిన 'కమానీ' స్ప్రింగుకు సాధారణపదం. పాఠశాలలో వాడే స్ప్రింగు త్రాసును అక్కడ 'కమానీదార్ తులా' అంటారు. తమిళ మలయాళ భాషలు పరాయిమాట జోలికి పోకుండా తమ 'విల్లు'నే వాడుకున్నాయి. కమాను కట్టిన ఎడ్లబండిని అవి 'విల్లువండి' అన్నాయి.

ఆ విల్లువండికి సామాజికచరిత్రలో ఒక స్థానముంది. 1893లో తిరువాన్కూరు సంస్థానంలో అయ్యన్‌కాళి, దళితులకు నిషిద్ధమైన రాజబాటపై విల్లువండి ఎక్కి ప్రయాణించి ఆ నిషేధాన్ని ధిక్కరించాడు. కమాను ఉన్న బండి ఆ రోజుల్లో సౌకర్యం మాత్రమే కాదు, హోదా కూడా. రైతు సరుకుబండికి కమాను ఉండేది కాదు. ఇరుసుమీదనే బండి పరుపు నేరుగా కూర్చునేది. కుదుపును గడ్డిపరుపు కొంతా, ఎక్కినవాడి నడుము కొంతా భరించేవి. కుదుపు లేని ప్రయాణం ఎవరిది అన్న ప్రశ్న కమాను చరిత్రలో మొదటినుంచీ ఉంది.

వస్తువు విషయానికి వస్తే, ఆధునిక కమానుకు రెండు మైలురాళ్ళు ముఖ్యం. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం ప్రకారం, సాగుదల హద్దు దాటనంతవరకు స్ప్రింగు వంగే మేర దానిపై పడే బలానికి అనుపాతంలో ఉంటుంది. 1804లో ఒబాడియా ఇలియట్ గుర్రపుబండ్లకు దీర్ఘవృత్తాకార కమానును రూపొందించి పేటెంటు పొందాడు. తరువాత వచ్చిన మోటారు కారు గుర్రపుబండి కమానునే తెచ్చుకుంది. 1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు ముందొకటి, వెనకొకటి అడ్డంగా అమర్చిన పట్టీకమానులే ఆధారం. గుర్రం స్థానంలో ఇంజను వచ్చిందే తప్ప, కింద ఉన్న విల్లు మారలేదు.

3. బండి మాటలు, మోటారు మాటలు

ఇంగ్లీషులో ఈ కమానులోని ఒక్కొక్క ఉక్కుపట్టీని ఆకు అన్న అర్థమున్న మాటతో పిలుస్తారు. తెలుగు మెకానిక్ దానిని 'పట్టీ' అంటాడు, 'ఆకు' అనడు. తెలుగు బండిచక్రంలో నడిమి దిమ్మనుండి అంచుదాకా సాగే కర్రలకు 'ఆకులు' అన్న పేరు అప్పటికే ఉంది. బండిలో ఒకచోట స్థిరపడిన మాటను అదే బండిలోని మరొక భాగానికి తగిలించడం పనివాడికి అయోమయం. 'ఆకు' బదులు 'పట్టీ' నిలవడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చునని ఊహించడానికి వీలుంది. తెలుగువారు ఇంగ్లీషు మాటను అనువదించుకోలేదు, వస్తువును చూసి పేరు పెట్టుకున్నారన్నది మాత్రం స్పష్టం.

మోటారు పనిలోని పదజాలం మూడు పొరలుగా కనిపిస్తుంది. మొదటిది దేశ్యపొర: ఇరుసు, చీల, సుత్తి, ఉలి, ఆకురాయి, పట్టకారు, గునపం. ఇవన్నీ బండి కట్టే వడ్రంగి, కమ్మరి వాడిన మాటలే. రెండవది హిందూస్తానీ మార్గంలో వచ్చిన పొర: కమాను, పట్టీ, పానా. పనివాళ్ళకు పెద్ద అయిన 'మేస్త్రీ' మాత్రం పోర్చుగీసు నుండి వచ్చినవాడు. మూడవది ఇంగ్లీషు పొర: జాకీ, యూ బోల్టు, సెంటర్ బోల్టు, షాకిల్, బుష్, షాక్ అబ్జార్బర్. ఈ మూడింటి హద్దు గమనింపదగినది. బండిలో ఉన్న భాగానికి బండి మాట ఉంది. బండిలో లేని భాగానికి మాత్రమే ఇంగ్లీషు మాట వచ్చింది. పదాల ఎరువు ఇక్కడ అజ్ఞానానికి కాక, అవసరానికి గుర్తు.

4. చీడికాడ: మైదానానికీ మన్యానికీ నడుమ

చీడికాడ చోడవరం, మాడుగుల ప్రాంతాల నడుమ ఉన్న మండలకేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలో చేరింది. ఒకవైపు చెరకు, బెల్లం పండే మైదానం. గోవాడ చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం విపణి ఈ ప్రాంతపు ఆర్థికజీవనానికి ఆధారాలుగా నిలిచాయి. మరొకవైపు కోనాం జలాశయం, దాని వెనుక తూర్పుకనుమలు. మాడుగుల మీదుగా ఘాట్ దారి పాడేరుకు ఎక్కుతుంది.

వాహనపు కమాను ఎక్కువగా దెబ్బతినేది రెండు సందర్భాలలో. ఒకటి బరువు, రెండవది గతుకులు. ఈ ప్రాంతంలో రెండూ ఉన్నాయి. పొలంనుండి చెరకు మోసే బండికి బరువు, మన్యపు దారి ఎక్కే జీపుకు బరువుతో పాటు గతుకులు. అందువల్ల చోడవరం, మాడుగుల, పాడేరు దారులవంటి చోట్ల కమాను పని అలంకారప్రాయం కాదు, నిత్యావసరం.

ఈ దారులకు తగిన వాహనంగా నిలిచినది జీపు. 1941 నాటి విల్లీస్ జీపుకు ముందు వెనుకలు రెండింటా గట్టి ఇరుసు, వాటిపై పట్టీకమానులు. 1947 నుండి మహీంద్రా సంస్థ భారతదేశంలో జీపుల కూర్పు ప్రారంభించింది. బస్సు వెళ్ళని మన్యపు పల్లెలకు జీపే ప్రయాణసాధనమైంది. పరిమితికి మించి మనుషులను, సంతసరుకును మోయవలసి వచ్చినప్పుడు కమానుకు అదనపు పట్టీ వేయించడం పరిపాటి. అది బరువును మోసేది గానీ ఖాళీగా వెళ్ళినప్పుడు కుదుపును పెంచేది. ఒక పట్టీ ఎక్కువైతే ఏమవుతుంది, తక్కువైతే ఏమవుతుంది అన్నది డ్రైవరుకు సూత్రరూపంలో తెలియకపోయినా అనుభవంలో తెలుసు. హుక్ చెప్పినదీ అదే.

5. ఇంటిముంగిట మరమ్మతు: పని తీరు

ఇంటి మరమ్మతుకు ఎక్కువగా లొంగిన కారు అంబాసిడర్. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో దీనిని తయారుచేసింది. 1950ల చివర మొదలైన తయారీ 2014లో ఆగిపోయింది. ముందుచక్రాలకు మెలితిరిగే ఉక్కుకడ్డీలు, వెనుక ఇరుసుకు పట్టీకమానులు దీని ఆధారం. ప్రీమియర్ పద్మినిగా ప్రసిద్ధమైన ఫియట్ కారుకు కూడా వెనుక పట్టీకమానులే.

కమాను చెడిందని కారు తానే చెబుతుంది. ఒకపక్కకు కుంగి నిలబడుతుంది. గతుకులో వెనుకభాగం దబ్బున తగులుతుంది. పట్టీలన్నింటినీ మధ్యలో కూర్చే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు తన చోటునుండి జరిగి, కారు వంకరగా నడుస్తుంది. పట్టీ సాధారణంగా విరిగేది ఆ బోల్టు కన్నం దగ్గరనే. యూ బోల్టులు వదులైనప్పుడు వంపు ఒత్తిడంతా కన్నం చుట్టూ చేరడం అందుకు కారణం.

ఈ పనికి కావలసిన సామగ్రి తక్కువ: పానాలు, సుత్తి, గునపం, జాకీ, గట్టి దుంగలు, కిరసనాయిలు. పని క్రమం మాత్రం తప్పకూడదు. ముందుచక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. చక్రపు నట్లను కారు నేలమీద ఉండగానే వదులుచేయాలి. కారును ఎత్తిన తరువాత చట్రం కింద దుంగలు పెట్టి బరువును వాటిపై దించాలి. ఎత్తడానికి పనికివచ్చే జాకీ నిలపడానికి పనికిరాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారుకింద దూరడం ప్రాణాపాయం. మరొక జాకీతో ఇరుసును కొద్దిగా ఎత్తి పట్టుకుంటే కమానుమీద భారం తగ్గుతుంది. అప్పుడు తుప్పుపట్టిన యూ బోల్టులకు కిరసనాయిలు పోసి నానబెట్టి విప్పి, ముందు కంటి బోల్టును, వెనుక షాకిల్‌ను తీస్తే కమాను కట్ట కిందికి దిగుతుంది.

ఇక్కడ తెలియనివారు చేసే పొరపాటు సెంటర్ బోల్టును వెంటనే విప్పడం. కట్టలోని పట్టీలన్నింటికీ ఒకే వంపు ఉండదు. పొట్టిపట్టీలకు వంపు ఎక్కువ. బోల్టు వాటిని అదిమి ఒకటిగా పట్టి ఉంచుతుంది. అందుకే కట్టను ముందుగా బిగింపుతో గట్టిగా పట్టి, ఆ తరువాత బోల్టు తీసి, బిగింపును నెమ్మదిగా వదలాలి. విరిగిన పట్టీ మార్చి, మిగిలినవాటి తుప్పు గీకి, నడుమ గ్రీజు రాసి, తిరిగి అదే క్రమంలో కూర్చాలి. ఎడ్లబండి కందెన చేసిన పనినే ఇక్కడ గ్రీజు చేస్తుంది.

రబ్బరు బుష్‌లకు మాత్రం గ్రీజుగానీ నూనెగానీ తగలకూడదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బునీటితో జార్చి ఎక్కించాలి. చివరి బిగింపు కారు బరువు చక్రాలమీద పడిన తరువాతనే చేయాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొంతదూరం నడిపాక యూ బోల్టులను మళ్ళీ ఒకసారి బిగించాలి. ఈ చివరి జాగ్రత్తను విస్మరించడమే తరువాతి పట్టీ విరగడానికి తొలి మెట్టు.

ఈ క్రమంలో ప్రతి అడుగుకూ ఒక కారణముంది. ఆ కారణాలు సాధారణంగా పుస్తకంనుండి కాక, మేస్త్రీ పక్కన కూర్చున్న కుర్రవాడికి మందలింపుల రూపంలో అందాయి. ఇది లిఖితసంప్రదాయం కాదు, మౌఖికసంప్రదాయం. జానపదవిజ్ఞానంలో వస్తుసంస్కృతి అధ్యయనానికి చెందవలసిన విషయం.

6. విరిగిన పట్టీ, కొలిమి

కమాను ప్రయాణం కారుతో ముగియదు. విరిగిన పట్టీ కమ్మరి కొలిమికి చేరుతుంది. కత్తి, కొడవలి, ఉలి వంటి పనిముట్లకు కమ్మరులు పాత కమానుపట్టీని ఇష్టపడతారు. కారణం దాని ఉక్కు. కమాను ఉక్కులో కర్బనశాతం మామూలు ఇనుములో కన్న ఎక్కువ. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే గట్టిపడి అంచును నిలుపుకుంటుంది. చెరకు కోసే కత్తి ఒకప్పటి లారీ కమాను కావచ్చు.

అయితే ఈ మార్పు ఒకవైపే సులభం. కొలిమిలో ఎర్రబడిన పట్టీ కత్తి కాగలదు గాని, వంపు సరిచేయడం కోసం దాన్ని అలా కాల్చితే కమానుగా పనికిరాదు. పట్టీకి కర్మాగారంలో ఇచ్చిన పదును ఆ వేడికి పోతుంది. తిరిగి కారుకు కడితే కొద్దిరోజులలోనే కుంగుతుంది. అందుకే అనుభవజ్ఞులు వంపు తీయవలసిన పట్టీని కాల్చకుండా, దాగలిమీద చల్లగానే దెబ్బ వెంట దెబ్బగా కొట్టుకుంటూ వంచుతారు. తెలుగులో 'పదును' అన్న మాటకు అంచు వాడి అనీ, ఉక్కుకు ఇచ్చే గట్టిదనమనీ, దున్నడానికి తగిన నేలతడి అనీ అర్థాలున్నాయి. మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది 'పనికి తగిన స్థితి' అన్న భావం. లోహశాస్త్రం ప్రత్యేకంగా చెప్పే విషయాన్ని రైతు, కమ్మరి, మెకానిక్ ముగ్గురూ ఒకే మాటలో దాచుకున్నారు.

7. చుట్టకమాను రాక: మారిన పరిస్థితి

1983 డిసెంబరులో మారుతి 800 రాకతో కారు స్వరూపం మారింది. ముందుచక్రాల వద్ద చుట్ట తిరిగిన స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ రెండూ ఒకే స్తంభంగా కూర్చిన మెక్‌ఫర్సన్ పద్ధతి సామాన్యమధ్యతరగతి కారులోకి వచ్చింది. ప్రయాణం మెత్తబడింది. ఇంటి మరమ్మతు మాత్రం కష్టమైంది.

కారణం స్ప్రింగులో దాగిన శక్తి. ఉదాహరణకు, ఒక మిల్లీమీటరు కుంగడానికి 20 న్యూటన్ల బలం కావలసిన స్ప్రింగును 150 మిల్లీమీటర్లు అదిమితే అందులో 225 జౌళ్ళ శక్తి నిలవ ఉంటుంది. 20 కిలోల బరువు మీటరుకు పైగా ఎత్తునుండి పడినప్పటి తాకిడితో అది సమానం. అదిమిపట్టే ప్రత్యేకసాధనం లేకుండా పైనట్టు విప్పితే ఆ శక్తి అంతా ఒక్క క్షణంలో విప్పినవాడి ముఖంమీదికి వస్తుంది. పట్టీకమాను తన ప్రమాదాన్ని కంటికి కనబరుస్తుంది. చుట్టకమాను దానిని స్తంభంలో దాచుకుంటుంది. పాత అనుభవం ఇక్కడ సరిపోదు. లిఖితజ్ఞానం, అదీ చేసేవాడి భాషలో, అవసరమవుతుంది.

పట్టీకమాను అంతరించిందని అనుకోవడం కూడా పొరపాటే. 2000లో వచ్చిన బొలేరోకు వెనుకవైపు పట్టీకమానులే. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు ముందూ వెనుకా అవే. ఏస్‌లో వాడిన కొత్తరకం పట్టీలు సంఖ్యలో తక్కువ. నడుమ మందంగా, కొనలవైపు పలుచగా ఉంటాయి. ఎడ్లబండి మోసిన సరుకును నేడు పల్లెలో మోస్తున్నది చాలావరకు ఇటువంటి వాహనాలే. పని ఉంది, వస్తువు ఉంది. తగ్గుతున్నది బండిపనీ మోటారుపనీ రెండూ ఎరిగిన తరం.

8. వృత్తిపదకోశంలో ఖాళీ

తెలుగు వృత్తిపదాల సేకరణకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం పునాది. 1971లో చేనేత సంపుటం వెలువడింది. మాండలిక విభజనలో విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలు పూర్వమండలంగా గుర్తింపు పొందడానికీ ఈ కృషే ఆధారమైంది.

ఆ కృషి దృష్టి ప్రధానంగా సంప్రదాయవృత్తులపై నిలిచింది. ఆనాటికి అదే అత్యవసరం. మోటారు పని ఆధునికవృత్తి అన్న భావం వల్ల అది పరిశోధకుల చూపుకు అంతగా అందలేదు. కాని పైన చూపినట్లు, మోటారు పని సంప్రదాయవృత్తులకు తెగిన కొస కాదు, వాటి కొనసాగింపు. ఇరుసు, చీల, పదును, కందెన అన్న మాటలు బండినుండి కారుకు నడిచి వచ్చాయి. వాటిని వడ్రంగి మాటలుగా నమోదు చేసి, మెకానిక్ నోట వినిపించే రూపాలను వదిలివేస్తే మాట చరిత్రలో రెండవసగం పోయినట్లే.

దీనికి ఆచరణలోనూ ఫలితముంది. యంత్రవిద్య నేర్చే తెలుగు విద్యార్థికి షెడ్డులో 'కమాను', తరగతిలో 'స్ప్రింగు' ఎదురవుతాయి. రెండింటికీ వంతెన లేనప్పుడు షెడ్డు జ్ఞానం తక్కువదిగా, తరగతి జ్ఞానం పరాయిదిగా తోస్తుంది. దుంగలు ఎందుకు పెట్టాలి, చుట్టకమానును ఎందుకు అదిమిపట్టాలి అన్న ప్రాణరక్షక విషయాలు ఆ సందులో జారిపోతాయి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేటపడుతున్నాయి. పాత కారు కమానును ఇంటివద్ద బాగుచేయగలగడానికి యంత్రం కంటికి కనిపించడం, పనిముట్లు కమ్మరికీ మెకానిక్కుకూ ఉమ్మడివి కావడం, పనికి సొంతమాటలు ఉండడం అన్న మూడు ఆధారాలున్నాయి. కొత్త వాహనాలలో మొదటిది తగ్గింది, రెండవది మారింది. మూడవదాన్ని నిలుపుకోవడం మాత్రం భాషాపరిశోధకుల చేతిలోనిదే. చోడవరం, మాడుగుల, చీడికాడ, పాడేరు వంటి చోట్ల పాత మేస్త్రీలనుండి ఈ పదాలను వస్తుచిత్రాలతో, పని క్రమంతో సహా సేకరించడం ఒక పరిశోధకుడు కొన్ని నెలలలో చేపట్టదగిన పని. మన్యపు దారికీ మైదానపు దారికీ మాటల్లో భేదముందేమో ఆ సేకరణే తేల్చాలి. కందెన పాఠ్యపుస్తకంలోకి వెళ్ళిన దారిలోనే కమాను కూడా వెళ్ళవచ్చు. ఆ దారి ఇంకా మూసుకుపోలేదు.